లెక్కింపు పద్ధతి – పునరెన్నిక: న్యూయార్క్ నగర మండలిలో బెంజమిన్ డేవిస్ (1943–1949)

వ్యాససంగ్రహం

బెంజమిన్ జె. డేవిస్ నల్లజాతికి చెందిన కమ్యూనిస్టు నాయకుడు. హార్లెం వాసిగా 1943లో న్యూయార్క్ నగర మండలికి ఎన్నికై, 1945లో తిరిగి గెలిచి, 1949లో ఓడిపోయాడు. ఆయన ఓటమిని ప్రచ్ఛన్నయుద్ధ కాలపు కమ్యూనిస్టు వ్యతిరేకతకు ఫలితంగా చూడటం పరిపాటి. ఆ కారణం సరైనదే అయినా సంపూర్ణం కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రెండు విజయాలకూ ఒక ఓటమికీ మధ్య నగర ఎన్నికల పద్ధతే మారిపోయింది. దామాషా ప్రాతినిధ్యం పోయి ఏకసభ్య నియోజకవర్గాలు వచ్చాయి. ఈ మార్పు తరువాత కూడా హార్లెంకు నల్లజాతి ప్రతినిధి ఉన్నాడు. అయితే ఎలాంటి రాజకీయాలు గల ప్రతినిధిని పంపాలో నిర్ణయించుకునే అవకాశం ఓటర్లకు కుదించుకుపోయింది. ఈ విషయాన్ని డేవిస్ ఎన్నికల జీవితం ఆధారంగా పరిశీలించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: నగర మండలి, దామాషా ప్రాతినిధ్యం, ఓటు బదిలీ, హార్లెం, స్మిత్ చట్టం, పునరెన్నిక.

1. ఉపోద్ఘాతం

నగరాల చరిత్రలో మేయర్లకు దక్కిన చోటు మండలి సభ్యులకు దక్కలేదు. వారి పదవీకాలం స్వల్పం, అధికారం పరిమితం. అయినా ఒక సభ్యుడు ఎలా గెలిచాడు, రెండోసారి ఎలా గెలిచాడు, మూడోసారి ఎందుకు ఓడిపోయాడు అన్న ప్రశ్నలు ఆ నగర రాజకీయ నిర్మాణాన్ని బయటపెడతాయి. పునరెన్నికను సాధారణంగా సభ్యుని పనిపై ప్రజలిచ్చే తీర్పుగా భావిస్తాం. కాని ఆ తీర్పును నమోదు చేసే యంత్రాంగం మొదటి ఎన్నికకూ చివరి ఎన్నికకూ మధ్య మారిపోతే, ఆ రెండు ఫలితాలను ఒకే కొలబద్దతో పోల్చడం సాధ్యం కాదు.

1949 నవంబరు 8న డేవిస్ ఎదుర్కొన్నది అటువంటి ఎన్నికే. గెరాల్డ్ హార్న్ 1994లో వెలువరించిన డేవిస్ జీవితచరిత్ర ఆయనపై సాగిన నిర్బంధాన్ని విపులంగా చర్చించింది. ఆ నిర్బంధంతో పాటు ఓటు లెక్కింపు పద్ధతిని కూడా సమాన ప్రాధాన్యంతో చూడవలసి ఉందన్నది ఇక్కడి వాదన.

2. నేపథ్యం: 1936 నాటి సంస్కరణ

1938కి ముందు న్యూయార్క్‌లో నగర శాసనసభగా ఆల్డర్మన్ల బోర్డు ఉండేది. ఒక్కొక్క వార్డు నుండి ఒక్కొక్క సభ్యుడు ఎన్నికయ్యేవాడు. మాన్‌హాటన్ డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగమైన టామనీ హాల్ పలుకుబడి అందులో తిరుగులేనిది. 1935 ఎన్నికల్లో డెమోక్రాట్లు సుమారు 66 శాతం ఓట్లతో దాదాపు 95 శాతం స్థానాలు గెలుచుకున్నారు. మిగిలిన మూడోవంతు ఓటర్లకు సభలో గొంతు దాదాపుగా లేదు. అంతకుముందే శామ్యూల్ సీబరీ జరిపిన విచారణలు నగర పాలనలోని అవినీతిని బయటపెట్టాయి. 1932లో మేయర్ జిమ్మీ వాకర్ రాజీనామా చేశాడు. 1934లో ఫియోరెల్లో లా గార్డియా మేయర్ పదవి చేపట్టాడు. ఈ వాతావరణంలో 1936లో ఓటర్లు కొత్త నగర చార్టర్‌ను, దానితో పాటు దామాషా ప్రాతినిధ్య విధానాన్ని ఆమోదించారు. కొత్త పద్ధతిలో తొలి ఎన్నిక 1937లో జరిగింది.

ఈ పద్ధతి తెలుగు పాఠకులకు కొత్తది కాదు. రాజ్యసభకు శాసనసభ్యులు వేసే ఓటులోనూ, శాసనమండలి పట్టభద్రుల, ఉపాధ్యాయ నియోజకవర్గాల ఎన్నికల్లోనూ ఇటువంటి ప్రాధాన్య ఓటే అమలులో ఉంది. ఓటరు అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాస్తాడు. వెనుకబడిన అభ్యర్థిని తొలగించినప్పుడు అతని ఓట్లు తదుపరి ప్రాధాన్యం పొందిన వారికి బదిలీ అవుతాయి. అయితే పట్టభద్రుల స్థానంలో చివరికి ఒక్కరే గెలుస్తారు. న్యూయార్క్‌లో మాత్రం ఒక్కొక్క బరో మొత్తం ఒకే నియోజకవర్గంగా ఉండి, అక్కడ నుండి పలువురు ఎన్నికయ్యేవారు. రాజ్యసభ ఎన్నికల్లాగే అక్కడ కోటాకు ప్రాముఖ్యం ఉంది. 75,000 ఓట్లకు ఒక స్థానం అని కోటాను ముందే స్థిరపరచారు. అందువల్ల పోలైన ఓట్లను బట్టి సభ్యుల సంఖ్య కూడా మారేది. 1941లో 26 మంది ఎన్నిక కాగా, యుద్ధకాలమైన 1943లో 17 మంది మాత్రమే ఎన్నికయ్యారు. 1945లో ఆ సంఖ్య 23.

ఫలితం స్పష్టంగా కనిపించింది. డెమోక్రాట్లతో పాటు రిపబ్లికన్లు, అమెరికన్ లేబర్ పార్టీవారు, స్వతంత్రులు, తరువాత కమ్యూనిస్టులు, లిబరల్ పార్టీవారు మండలిలో ప్రవేశించారు. 1941లో బ్రూక్లిన్ నుండి కమ్యూనిస్టు పార్టీకి చెందిన పీటర్ కచియోనీ, మాన్‌హాటన్ నుండి హార్లెం చర్చి బోధకుడు ఆడమ్ క్లేటన్ పావెల్ జూనియర్ గెలిచారు. నగర మండలిలో తొలి నల్లజాతి సభ్యుడు పావెల్. అయితే పాత ఆల్డర్మన్ల బోర్డుకు హార్లెం వార్డుల నుండి నల్లజాతివారు అంతకుముందే ఎన్నికై ఉన్నారు. కాబట్టి కొత్త పద్ధతి తెచ్చిన మార్పు నల్లజాతి సభ్యుని ఉనికికే పరిమితం కాదు. పెద్ద పార్టీల అనుమతి కోసం ఎదురుచూడని నల్లజాతి సభ్యుడు గెలిచే వీలు ఏర్పడటమే అసలు మార్పు.

3. అట్లాంటా నుండి హార్లెంకు

డేవిస్ 1903లో జార్జియా రాష్ట్రంలోని డాసన్‌లో జన్మించాడు. తండ్రి అట్లాంటాలో పత్రికాధిపతి, రిపబ్లికన్ పార్టీలో పేరున్న నాయకుడు. డేవిస్ ఆమ్హర్స్ట్ కళాశాలలోనూ, హార్వర్డ్ న్యాయకళాశాలలోనూ చదివాడు. ఆనాటి దక్షిణాదిలో ఒక నల్లజాతి యువకునికి ఇది అరుదైన అవకాశం.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఏంజెలో హెర్న్‌డన్ కేసు. 1932లో అట్లాంటాలో నల్లవారినీ తెల్లవారినీ కలిపి నిరుద్యోగుల ప్రదర్శన నిర్వహించిన ఈ యువ కమ్యూనిస్టుపై, తిరుగుబాటుకు ప్రేరేపించాడంటూ 19వ శతాబ్దపు చట్టం కింద అభియోగం మోపారు. 1933 జనవరిలో జరిగిన విచారణలో డేవిస్ అతని తరపున వాదించాడు. న్యాయస్థానంలో తన కక్షిదారుకూ తనకూ ఎదురైన జాత్యహంకారమే తనను కమ్యూనిస్టు పార్టీలో చేర్చిందని తరువాత రాసుకున్నాడు. హెర్న్‌డన్‌కు 18 నుండి 20 ఏళ్ల శిక్ష పడింది. 1937లో అమెరికా సుప్రీంకోర్టు ఒక్క ఓటు ఆధిక్యతతో ఆ శిక్షను కొట్టివేసింది. అప్పటికే డేవిస్ న్యూయార్క్ చేరి, పార్టీ పత్రికలలో పనిచేస్తూ హార్లెంలో స్థిరపడ్డాడు.

4. 1943: తొలి విజయం

పావెల్ అమెరికా కాంగ్రెసుకు పోటీ చేయాలని నిశ్చయించుకొని 1943లో మండలికి తిరిగి పోటీ చేయలేదు. ఆ ఖాళీలో డేవిస్ బరిలోకి దిగాడు. ఆ ఏడాది ఆగస్టులో ఒక నల్లజాతి సైనికునిపై పోలీసు కాల్పులు జరపడంతో హార్లెంలో అల్లర్లు చెలరేగాయి. అధిక అద్దెలు, ధరలు, ఉద్యోగాలలో వివక్ష, పోలీసుల తీరు ఎన్నికల ప్రధానాంశాలయ్యాయి. గాయకుడు పాల్ రాబ్‌సన్ డేవిస్‌కు సన్నిహిత మిత్రుడు. పియానో విద్వాంసుడు టెడ్డీ విల్సన్ వంటి కళాకారులు కూడా ఆయన ప్రచారంలో పాల్గొన్నారు. సోవియట్ యూనియన్ అప్పుడు అమెరికాకు మిత్రదేశం కావడంతో కమ్యూనిస్టు అన్న పేరు ఓటర్లను అంతగా భయపెట్టలేదు.

సభ్యుల సంఖ్య 17కు తగ్గిన ఎన్నికలో డేవిస్ గెలవడం విశేషం. ఇక్కడ బరో అంతా ఒకే నియోజకవర్గం కావడం కీలకం. హార్లెంలోని నల్లజాతి ఓట్లకు, మాన్‌హాటన్ ఇతర ప్రాంతాలలోని కార్మిక సంఘాల సభ్యుల, వామపక్షీయుల ఓట్లు తోడు కాగలిగాయి. వార్డుల సరిహద్దుల మధ్య చీలిపోయే ఈ రెండు సమూహాలూ ఇక్కడ ఒకే పేరు ముందు అంకె వేయగలిగాయి. పైగా గెలిచే అవకాశం తక్కువగా ఉన్న అభ్యర్థికి మొదటి ప్రాధాన్యం ఇచ్చినా ఓటు వృథా కాదన్న భరోసా ఓటరుకు ఉంది.

5. మండలిలో కృషి, 1945 పునరెన్నిక

డేవిస్ మండలి జీవితంలో ప్రధానమైనది నివాస వివక్షపై పోరాటం. మెట్రొపాలిటన్ లైఫ్ బీమా సంస్థ నగరం ఇచ్చిన పన్ను మినహాయింపుతో, నగరం తన అధికారంతో సేకరించి ఇచ్చిన భూమిలో స్టైవెసంట్ టౌన్ అనే భారీ గృహసముదాయాన్ని తలపెట్టింది. ఎనిమిది వేలకు పైగా ఇళ్లున్న ఆ సముదాయంలో నల్లజాతివారికి ప్రవేశం లేదు. ప్రజల సొమ్ముతో వివక్షను పోషించరాదన్న వాదనతో డేవిస్, రిపబ్లికన్ సభ్యుడు స్టాన్లీ ఐజాక్స్ కలిసి నిలిచారు. వివక్ష పాటించే ప్రాజెక్టులకు ఇకపై పన్ను మినహాయింపు ఇవ్వరాదని 1944లో నగరం చట్టం చేసింది. కాని అప్పటికే ఆమోదం పొందిన స్టైవెసంట్ టౌన్‌కు అది వర్తించలేదు. 1949 జూలైలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 4–3 ఆధిక్యతతో బీమా సంస్థ పక్షాన తీర్పు చెప్పింది.

పోలీసుల దౌర్జన్యం, అద్దెల నియంత్రణ, వృత్తి బేస్‌బాల్‌లో నల్లజాతి క్రీడాకారుల బహిష్కరణ కూడా ఆయన నిరంతరం లేవనెత్తిన అంశాలు. వీటిలో పలు ప్రయత్నాలు చట్టాలు కాలేదు. అయితే మండలి వేదికపై ఆ ప్రశ్నలు నమోదు కావడమే ఆనాటికి కొత్త.

1945 పునరెన్నికలో ఒక విచిత్ర సంఘటన చోటు చేసుకుంది. డేవిస్ ప్రజాదరణను గుర్తించిన టామనీ హాల్ మొదట ఆయనకు మద్దతు ప్రకటించింది. పార్టీలో నిరసన రాగానే ఆ మద్దతును వెనక్కు తీసుకుంది. అయినా డేవిస్ మునుపటికంటే అధిక ఓట్లతో గెలిచాడు. బ్రూక్లిన్‌లో కచియోనీ కూడా గెలవడంతో మండలిలో కమ్యూనిస్టులు ఇద్దరు కొనసాగారు. అంతవరకు రెండేళ్లుగా ఉన్న పదవీకాలం ఈసారి నాలుగేళ్లయింది. పెద్ద పార్టీ మద్దతు చేజారినా సభ్యుడు గెలవగలిగాడన్న వాస్తవం దామాషా పద్ధతి స్వభావాన్ని తెలియజేస్తుంది. పార్టీ యంత్రాంగాలకు ఆ పద్ధతిపై ఉన్న ఆగ్రహానికి కూడా మూలం అదే.

6. 1947: పద్ధతి రద్దు

దామాషా పద్ధతిని తొలగించే ప్రయత్నాలు 1938లో, 1940లో విఫలమయ్యాయి. 1947లో పరిస్థితి మారింది. లెక్కింపుకు రోజులు, వారాలు పడుతుందని, ఖర్చు ఎక్కువని, పద్ధతి సామాన్యునికి అర్థం కాదని ఉన్న పాత ఫిర్యాదులకు కొత్త ఆరోపణ తోడైంది. కమ్యూనిస్టులకు నగరపాలనలో చోటు కల్పించే విదేశీ పద్ధతి ఇదేనన్న ప్రచారం ముమ్మరంగా సాగింది. 23 మందిలో ఇద్దరు సభ్యులను చూపి మొత్తం వ్యవస్థను రద్దు చేయమని కోరడం ఆ ప్రచారసారం. 1947 నవంబరు 4న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో రద్దుకు అనుకూలంగా సుమారు 9,35,000 ఓట్లు, వ్యతిరేకంగా సుమారు 5,86,000 ఓట్లు పడ్డాయి.

ఇది ఓటర్లు స్వయంగా తీసుకున్న నిర్ణయం. దీన్ని కేవలం కుట్రగా చూడలేము. అయితే ఒక వాస్తవాన్ని గమనించాలి. అల్పసంఖ్యాక ఓటర్లకు రక్షణగా ఏర్పడిన పద్ధతిని కొనసాగించాలా వద్దా అన్నది నగరవ్యాప్త ఆధిక్య ఓటుతో తేలింది. అంటే ఆ పద్ధతి వల్ల నష్టపోయిన బలమైన పక్షాల చేతిలోనే దాని భవిష్యత్తు ఉంది.

ఆ నవంబరులోనే కచియోనీ మరణించాడు. ఖాళీ అయిన స్థానాన్ని అదే పార్టీ వ్యక్తితో భర్తీ చేయాలన్న నిబంధన ఉన్నా, పార్టీ సూచించిన సైమన్ గెర్సన్‌ను స్వీకరించడానికి మండలి నిరాకరించింది. అప్పటి నుండి డేవిస్ మండలిలో ఏకైక కమ్యూనిస్టు సభ్యుడు.

7. 1949: న్యాయస్థానం నుండి పోలింగు కేంద్రానికి

1948 జూలైలో డేవిస్ సహా 12 మంది కమ్యూనిస్టు నాయకులపై 1940 నాటి స్మిత్ చట్టం కింద అభియోగాలు నమోదయ్యాయి. ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూలదోయాలని బోధించేందుకు కూడబలుక్కున్నారన్నది ఆరోపణ. ఏదైనా హింసాత్మక చర్యకు పాల్పడ్డారన్న ఆరోపణ అందులో లేదు. ఇక్కడ ఒక చారిత్రక వైరుధ్యాన్ని ప్రస్తావించాలి. 1941లో ఇదే చట్టాన్ని మినియాపొలిస్‌లో ట్రాట్‌స్కీవాదులపై ప్రయోగించినప్పుడు కమ్యూనిస్టు పార్టీ దాన్ని సమర్థించింది. పౌరహక్కుల విషయంలో పార్టీ పాటించిన ఈ ద్వంద్వనీతి తరువాత దానికే ప్రతికూలమైంది.

విచారణ 1949 జనవరిలో న్యాయమూర్తి హెరాల్డ్ మెడీనా ఎదుట మొదలై తొమ్మిది నెలలు సాగింది. అనారోగ్యం కారణంగా ఒకరిని విడిగా ఉంచగా, మిగిలిన 11 మందిని అక్టోబరు 14న జ్యూరీ దోషులుగా నిర్ధారించింది. డేవిస్‌కు ఐదేళ్ల జైలుశిక్ష, 10,000 డాలర్ల జరిమానా విధించారు. ఎన్నికకు కొద్ది రోజుల ముందు మాత్రమే ఆయన బెయిలుపై విడుదలయ్యాడు. ప్రచారకాలంలో ఎక్కువ భాగం న్యాయస్థానంలోనో నిర్బంధంలోనో గడిచింది.

కొత్త విధానంలో రాష్ట్ర సెనేటు నియోజకవర్గాలే మండలి నియోజకవర్గాలయ్యాయి. 25 స్థానాలు, ఒక్కొక్క చోట ఒక్కరే విజేత. హార్లెంలో డెమోక్రాట్లు, రిపబ్లికన్లు, లిబరల్ పార్టీ ఏకమై నల్లజాతి పాత్రికేయుడు ఎర్ల్ బ్రౌన్‌ను నిలబెట్టారు. ఇతర చోట్ల పరస్పరం తలపడుతున్న ఈ పార్టీలు ఇక్కడ ఒక్కటయ్యాయి. డేవిస్ భారీ తేడాతో ఓడిపోయాడు. అదే నెల చివరలో, శిక్ష పడిన కారణంగా, పదవీకాలం నెలరోజుల్లో ముగియవలసి ఉండగానే మండలి ఆయనను బహిష్కరించింది.

8. ఓటమిని ఎలా చదవాలి?

ఈ ఫలితంలో మూడు అంశాలను వేరుచేసి చూడాలి. మొదటిది రాజకీయ వాతావరణం. 1943లో మిత్రదేశంగా ఉన్న సోవియట్ యూనియన్ 1949 నాటికి శత్రుదేశం. డేవిస్ సోవియట్ విధానాన్ని చివరివరకు విమర్శ లేకుండా సమర్థించాడు. అందువల్ల హార్లెంలో కూడా కొందరు మద్దతుదారులు దూరమై ఉండటం సహజం. రెండవది నేరనిర్ధారణ. జైలుకు వెళ్లబోయే వ్యక్తికి ఓటు వేయడానికి సానుభూతిపరులు కూడా వెనుకాడతారు.

మూడవది ఎన్నికల పద్ధతి. దీని ప్రభావాన్ని డేవిస్ స్థానంలో కంటే నగరమంతటి ఫలితంలో స్పష్టంగా చూడవచ్చు. 1949లో డెమోక్రాట్లు సుమారు 53 శాతం ఓట్లతో 25 స్థానాలకుగాను 24 గెలుచుకున్నారు. మిగిలిన ఒక్కటి ఐజాక్స్‌కు దక్కింది. కమ్యూనిస్టులతో పాటు లేబర్, లిబరల్ పార్టీల ప్రాతినిధ్యం కూడా అంతరించింది. విచారణ గాని శిక్ష గాని లేని పార్టీలకూ ఇదే గతి పట్టింది కనుక ఈ ఫలితాన్ని ప్రచ్ఛన్నయుద్ధంతోనే వివరించలేము. 1935 నాటి పరిస్థితి దాదాపు యథాతథంగా తిరిగి వచ్చింది.

డేవిస్ విషయంలో కొత్త పద్ధతి రెండు విధాలుగా పనిచేసింది. మాన్‌హాటన్‌లోని హార్లెంయేతర మద్దతుదారుల ఓట్లు ఆయనకు అందకుండా పోయాయి. ప్రత్యర్థి పార్టీలు ఏకమైతే ఆయనకు సగానికి మించిన ఓట్లు తప్పనిసరి అయ్యాయి. దామాషా పద్ధతిలో సగం కంటే చాలా తక్కువ ఆదరణతోనే ఒక స్థానం లభించేది. దామాషా పద్ధతి కొనసాగి ఉంటే డేవిస్ తప్పక గెలిచేవాడని చెప్పడానికి ఆధారం లేదు. ఆయనకున్న మద్దతు ఎంతో కొలిచే సాధనమే లేకుండా పోయిందని మాత్రం చెప్పవచ్చు.

ఈ కథను విజేతల వైపు నుండి కూడా చూడాలి. ఎర్ల్ బ్రౌన్ పార్టీల చేతిలో కీలుబొమ్మగా మిగిలిపోలేదు. 1951లో ఐజాక్స్‌తో కలిసి, ప్రభుత్వ సహాయం పొందిన గృహాలలో వివక్షను నిషేధించే బ్రౌన్–ఐజాక్స్ చట్టాన్ని సాధించాడు. 1957 నాటి షార్కీ–బ్రౌన్–ఐజాక్స్ చట్టం ఆ నిషేధాన్ని ప్రైవేటు గృహాలకు విస్తరించింది. డేవిస్ లేవనెత్తిన సమస్యను ఆయనను ఓడించిన వ్యక్తే చట్టరూపంలోకి తెచ్చాడు. అందుచేత 1949లో హార్లెం తన ప్రతినిధిని కోల్పోయిందనడం అతిశయోక్తి. అంతకుముందు ఓటరుకు ఉన్న ఎంపిక పరిధి మాత్రం తగ్గింది. ప్రతినిధి జాతి మారలేదు. పార్టీల అంగీకారం లేనివాడు ప్రతినిధి కాగల మార్గం మూసుకుపోయింది.

9. ముగింపు

1951 జూన్‌లో సుప్రీంకోర్టు డెన్నిస్ కేసులో 6–2 ఆధిక్యతతో శిక్షలను సమర్థించింది. డేవిస్ ఇండియానా రాష్ట్రంలోని టెరెహోట్ జైలుకు వెళ్లి 1955లో విడుదలయ్యాడు. జైలులోని జాతివివక్షపై అక్కడి నుండే న్యాయపోరాటం చేశాడు. 1957లో యేట్స్ కేసు తీర్పు స్మిత్ చట్టం పరిధిని గణనీయంగా కుదించింది. అప్పటికి ఆయన శిక్ష పూర్తయింది, నగర మండలి దారి మూసుకుపోయింది. 1964 ఆగస్టులో ఆయన మరణించాడు. జైలులో రాసుకున్న ఆత్మకథ 1969లో వెలువడింది. దాని పేరులో ఆయన తనను హార్లెం నుండి వచ్చిన కమ్యూనిస్టు కౌన్సిల్‌మన్‌గానే చెప్పుకున్నాడు. ఆరేళ్ల పదవిని ఆయన తన జీవితానికి గుర్తింపుగా భావించాడని దీన్నిబట్టి తెలుస్తుంది.

పురపాలక ఎన్నికల పరిశోధనలో అభ్యర్థుల కులం, జాతి, పార్టీ, వ్యయం వంటి అంశాలకు లభిస్తున్న శ్రద్ధ నియోజకవర్గ నిర్మాణానికి, ఓటు లెక్కింపు సూత్రానికి అంతగా లభించడం లేదు. మన పురపాలక సంఘాలలో వార్డుకు ఒక్కరే గెలిచే పద్ధతిని సహజమైనదిగా స్వీకరించి పరిశోధన మొదలుపెడుతున్నాం. న్యూయార్క్ అనుభవం ఆ సహజత్వాన్ని ప్రశ్నిస్తుంది. ఒకే నగరంలో, ఒకే ఓటర్ల మధ్య, ఒకే సభ్యుడు రెండు పద్ధతుల కింద పోటీ చేశాడు. ఆయన గెలుపోటములలో ప్రజల తీర్పు ఎంత, ఆ తీర్పును లెక్కగట్టిన సూత్రం పాత్ర ఎంత అన్న విచక్షణ లేకుండా ఏ పునరెన్నికనూ చరిత్రకారుడు సరిగా వ్యాఖ్యానించలేడు.